పైలట్ జగదీశ్ సలహా

కృష్ణానగర్‌లో సొంత పోలీసు డ్రెస్సు ఉన్నవాడికి సినిమా వేషాలకు పిలుపు తొందరగా వస్తుంది. సొంత డాక్టరు కోటు ఉన్నవాడికి ఇంకా తొందరగా వస్తుంది, ఎంత సరదా సినిమా అయినా ఎవరో ఒకరు ఆస్పత్రి పాలు కాక తప్పదు గనుక. జగదీశ్ దగ్గర మాత్రం ఆ గల్లీలో ఎవరి దగ్గరా లేని డ్రెస్సు ఉంది. తెల్ల చొక్కా, భుజాల మీద బంగారు పట్టీలు, నల్ల టై. మేనేజర్ల ఫోన్లలో అతని పేరు పైలట్ జగదీశ్. హెలికాప్టర్ సీను పడిందంటే అతనికి ఫోను మోగినట్టే.

ఆ డ్రెస్సు వేసుకుని అతను ఇప్పటిదాకా నేల మీంచి జానెడు ఎత్తు కూడా లేవలేదు. ఫిల్మ్‌నగర్‌లో ఒక షెడ్డు ఉంది. అందులో ఇంజను ఊడదీసిన పాత హెలికాప్టర్ డొక్కు ఒకటి ట్రాక్టరు టైర్ల మీద కూర్చుని ఉంటుంది. నలుగురు మనుషులు దాన్ని కింద నుంచి ఊపుతారు. వెనక ఆకుపచ్చ గుడ్డ కడతారు. రెక్కలు లేవు. రెక్కల పని ఓదెలు చేస్తాడు. ఓదెలు లైట్ల మనిషి. పెద్ద లైటు ముందు, ఫ్యాను మోటారుకు బిగించిన రెండు చెక్క పలకలను గిర్రున తిప్పుతాడు. పలకల నీడ పైలట్ మొహం మీద పడుతుంది, పోతుంది, పడుతుంది, పోతుంది. తెర మీద చూసినవాడు మబ్బుల్లో పోతున్నారనే అనుకుంటాడు.

ఊళ్లోవాళ్లు తెర మీదే చూశారు. జగిత్యాల దగ్గర వాళ్ల ఊళ్లో ఒక పెళ్లిలో ఎవరో అడిగారు, "నిజంగ నువ్వే నడిపినవా అన్నా?" అని. జగదీశ్ నవ్వి ఊరుకున్నాడు. నోటితో అవునని అనలేదు గానీ ఆ నవ్వులో అవును ఉంది. ఏడాది తిరిగేసరికి ఆ నవ్వు వాడవాడా తిరిగి, అతని చేతికి ఒక లైసెన్సు కూడా ఇచ్చేసింది.

అందుకే ఆదివారం సాయంత్రం అతని చిన్నమ్మ కూతురు భూలక్ష్మి, డిగ్రీ అయిపోయిన కూతురు నవతను వెంటబెట్టుకుని, మక్క గారెల డబ్బాతో కృష్ణానగర్‌లో దిగింది.

"అన్నా, నీ మేనకోడలు హెలికాప్టర్ నేర్సుకుంటదట. సీటు గూడ దొరికింది," అంది చెప్పులు విడుస్తూనే. "ఇగ డాక్టరు పరీక్ష ఒక్కటే మిగిలింది. రేపు పగటీలి రెండింటికి జూబ్లీహిల్స్‌ల. మీ బావ ఏమన్నడంటె, మనింట్ల పైలట్ ఉండంగ ఊరోళ్లను అడుగుడేంది, పొయ్యి మీ అన్ననే అడుగున్రి అన్నడు."

బావ కమలాకర్‌కు రైసు మిల్లు ఉంది. కూతురు కొండమీది కోతిని అడిగినా తెచ్చే రకం.

వంటింట్లో జగదీశ్ భార్య మంజులత చేతిలోంచి మూత ఒకటి జారి గిరగిరా తిరిగి పడింది. జగదీశ్ అటు చూడలేదు.

నవత మంచం అంచున కూర్చుని, మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, మామ నోటివంకే చూస్తోంది. "మామా, ముందుగాల ఏం నేర్సుకోవాలె?"

"ధైర్యం బిడ్డా. ధైర్యం ఒక్కటుంటె సాలు. ఆ స్టిక్కు ఉంటది సూడు, దాన్ని పొగరు కోడె ముకుతాడు పట్టినట్టు బిగబట్టాలె. జర సడలిస్తివా, పోయినట్టె."

"కిందికి సూస్తె భయం కాదా?"

"కిందికే సూడాలె. నీ కాళ్లకాడి నేల మీదనే కన్ను పెట్టాలె."

"మరి వానొస్తె?"

"వానకు భయపడెటోడు పైలట్ అయితడా?"

"అవు," అంది మంజులత వంటింట్లోంచి. "మీ మామ వానొస్తె కొత్తిమీర తేను గూడ పోడు."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా జగదీశే నవ్వాడు. అక్కడితో ఆగి ఉంటే అది మామ కోతలుగానే మిగిలిపోయేది.

చాయ్ తాగాక భూలక్ష్మి అతన్ని వరండాలోకి పిలిచింది. కింద గల్లీలో ఆటోల రొద. ఆమె గొంతు తగ్గించింది.

"అన్నా, ఒక ముచ్చట. పోయినేడు హాస్టల్ల పిల్ల పడిపోయింది. కాళ్లు చేతులు కొట్టుకున్నయట. నోట్లెకెల్లి నురగ. కరీంనగర్ల డాక్టరు గోలీలు రాసిండు. కొన్ని నెలలు ఏసినం. మల్ల రాలేదు. మేమే బంద్ చేసినం. రేపు గీ డాక్టరు అడిగితె చెప్పాల్నా, వద్దా?"

నాకు తెల్వదు. ఆ రెండు మాటలు చాలు. గొంతుదాకా వచ్చాయి కూడా. కానీ భూలక్ష్మి తలెత్తి చూస్తున్న తీరు ఉంది చూశారూ, ఆ ఊళ్లో అతన్ని ఎన్నడూ ఎవరూ అట్లా చూడలేదు. పరీక్షలు తప్పి హైదరాబాదు బస్సెక్కిననాడు, పోతే పోయాడు పీడ అన్న ఊరు అది. ఇప్పుడు ఆ ఊరి నుంచి ఒక మనిషి వచ్చి, తన బిడ్డ బతుకును అతని మాట కింద పెట్టి నిలబడింది.

"చెప్పకు," అన్నాడు జగదీశ్. మాట బయటికి వచ్చాక అది ఒంటరిగా తేలిగ్గా కనిపించింది. ఇంకొంచెం బరువు పెట్టాడు. "గవన్ని చెప్పుకుంట పోతె దేశంల ఒక్కడు పైలట్ కాడు. నాకు షుగర్ ఉన్నది. నేను చెప్పిన్నా? ఏమైంది? నడుపుతలేనా?"

తిరిగి చూస్తే గడప దగ్గర నవత. అంతా విన్నది. మొహం మీంచి ఏదో మబ్బు తొలగినట్టు ఉంది.

"అంతేనా మామా?"

"అంతే బిడ్డా."

వాళ్లిద్దరూ ఫిల్మ్‌నగర్ గుడికి వెళ్లాక మంజులత గారెల డబ్బా మూత పెడుతూ అడిగింది, "పిల్లను సూసి చెప్పినవా, నీ డ్రెస్సును సూసి చెప్పినవా?"

జగదీశ్ టీవీ సౌండు పెంచాడు.

మరునాడు పొద్దున షూటింగ్. చూడకుండా వెళ్తే ఊళ్లో మొహం చెల్లదని భూలక్ష్మి పట్టు పట్టింది. మేనేజర్‌ను బతిమాలి ఇద్దరినీ షెడ్డులోకి తీసుకెళ్లాడు జగదీశ్. ఎగిరేది బయట తీస్తారని, మొహాలు మాత్రమే ఇక్కడ తీస్తారని చెప్పి, వాళ్లను మానిటర్ వెనక కుర్చీల్లో కూర్చోబెట్టి, తన డొక్కులోకి తాను ఎక్కాడు.

ఈసారి దర్శకుడికి అంతా నిజంగా ఉండాలన్న పిచ్చి పట్టింది. అసలు పైలట్‌నే పిలిపించాడు. పేరు మనోజ్ఞ, రాజమండ్రి అమ్మాయి. సముద్రంలో చమురు తీసే చోటికి మనుషుల్ని చేరవేసే హెలికాప్టర్ నడుపుతుందట. జీన్సు ప్యాంటు, మామూలు చొక్కా, బంగారు పట్టీలేవీ లేవు. వచ్చీ రాగానే జగదీశ్‌ను చూసి ఆగిపోయింది.

"ఏంటండీ, ఎడం వైపు కూర్చున్నారు? హెలికాప్టర్‌లో కెప్టెన్ కుడివైపు కూర్చుంటారండీ."

"కెమెరా కోసం మేడం," అన్నాడు జగదీశ్. షెడ్డులో అడుగుపెడితే అతని యాస దానంతటదే మారిపోతుంది. నవత వినిందేమోనని ఓరగా చూశాడు. వినింది.

"అయ్యో, స్టిక్‌ని పీక పిసికినట్టు పట్టుకున్నారేంటి! వేళ్లతో పట్టుకోండి, కోడిపిల్లని పట్టుకున్నట్టు. మీరు బిగిస్తే అది ఊగుతుంది. ఊగిందని ఇంకా బిగిస్తారు, అది ఇంకా ఊగుతుంది."

మానిటర్ వెనక నవత తన కుడిచేతి వేళ్లను చూసుకుంది. నిన్న బిగించి చూసుకున్న వేళ్లవి. జగదీశ్‌కు మేకప్ కింద చెమట పట్టింది.

లైట్లు సర్దుతుండగా నవతే లేచి మనోజ్ఞ దగ్గరికి వెళ్లింది. ట్రైనింగ్‌లో చేరుతున్నానంది. మనోజ్ఞ మొహం విప్పారింది. అక్కడే ఒక చెక్కపెట్టె మీద కూర్చోబెట్టుకుంది. డొక్కులో జగదీశ్‌కు ప్రతి మాటా వినపడుతోంది.

"మొదట్లో అది ఒక్కచోట నిలబడదమ్మా. నీకు చేతకావట్లేదని ఏడుపొస్తుంది. నేనూ ఏడ్చాను. కాళ్ల దగ్గర నేల చూడకు, దూరంగా ఉన్న చెట్టుని చూడు, అప్పుడు నిలబడుతుంది. లోపల చేయాల్సిన పనుల పట్టీ ఇస్తారు. కంఠతా వచ్చేసినా సరే, ప్రతిసారీ చూసే చదువు. వాన మబ్బు కనిపిస్తే వెనక్కి తిరుగు. వెనక్కి తిరిగినందుకు నవ్వేవాళ్లు ఉంటారు, నవ్వనీ. తెలియకపోతే తెలియదని చెప్పు. మా పనిలో తెలియదన్నవాడిని ఎవరూ తిట్టరు. తెలుసన్నవాడితోనే భయం."

నవత తలూపుతోంది. ఊపుతూ ఊపుతూ ఒక్కసారి తలతిప్పి మామ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, లెక్క సరిపోనివాడి అయోమయం ఉంది. జగదీశ్ టై సర్దుకున్నాడు.

ఓదెలు మోటారు వేశాడు. నీడలు మొదలయ్యాయి. మనోజ్ఞ వచ్చి పక్క సీటులోని హీరోకు బెల్టు సరిచేస్తుంటే, ఏదో ఒకటి అనాలని జగదీశ్ అన్నాడు, "ఈ నీడకి తల తిరిగిపోతుంది మేడం. నిజంగా కూడా ఇంతేనా?"

"ఇంతేనండీ. ఎండ రెక్కల్లోంచి పడితే ఇలాగే కొడుతుంది. మామూలు వాళ్లకి కాస్త కళ్లు తిరుగుతాయి, అంతే. మూర్ఛ వచ్చే మనిషైతే ఈ మిణుకుమిణుకుకే వచ్చేయొచ్చు. అందుకే డాక్టర్లు ఎప్పుడైనా పడిపోయారా అని గుచ్చి గుచ్చి అడుగుతారు."

జగదీశ్ గొంతు తగ్గించాడు. "ఎవరైనా... చెప్పకుండా దాచేస్తే?"

"అలాంటివాళ్ల పక్కన నేను కూర్చోనండీ. విమానమైతే చేయి వదిలినా కాసేపు దాని దారిన అది పోతుంది. నేర్చుకునే చిన్న హెలికాప్టర్ అలా పోదు. నేర్పేవాడు పక్కనే ఉన్నా, మూర్ఛలో మనిషి స్టిక్ బిగబట్టేస్తే విడిపించడం వాడి తరం కాదు. ఇద్దరూ పోతారు." ఆమె అది కూరగాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పి, కిందికి దిగింది.

"టేక్!" అన్నారెవరో.

జగదీశ్ చెప్పాల్సిన డైలాగు ఒక్కటే. వాతావరణం బాగోలేదు సార్, అయినా నా ప్రాణం అడ్డం వేసి మిమ్మల్ని చేరుస్తాను. ఇట్లాంటిది అతను ప్రతి సినిమాలోనూ చెప్పినదే. ఈసారి "నా ప్రాణం" దగ్గర ఆగిపోయాడు. మళ్లీ తీశారు. మళ్లీ అక్కడే ఆగాడు. నీడ పడుతోంది, పోతోంది. పడినప్పుడల్లా హాస్టల్ గచ్చు మీద కొట్టుకుంటున్న నవత కాళ్లు కనిపిస్తున్నాయి. పోయినప్పుడల్లా వరండాలో భూలక్ష్మి మొహం.

"ఏంటి జగదీశ్ గారూ, ఈ డైలాగు మీకు నిద్రలో కూడా వచ్చు కదా!" అని అసిస్టెంట్ డైరెక్టరు విసుక్కున్నాడు. "లంచ్ బ్రేక్! ఆయనకి టీ ఇవ్వండి."

టీ గ్లాసు పట్టుకుని షెడ్డు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. మధ్యాహ్నం కాబోతోంది. తనకు తాను చెప్పుకున్నాడు: ఇప్పుడు డాక్టర్ల దగ్గర ఎన్ని మిషన్లు లేవు, వాళ్లే కనిపెడతారు. మళ్లీ చెప్పుకున్నాడు: ఏడాదిగా రానిది ఇక రాదు. భూలక్ష్మిని పక్కకు పిలిచి, రూల్సు మారాయట, చెప్పాల్సిందేనట అంటే సరి. తన పరువుకు ఢోకా లేకుండా ఎట్లా చెప్పాలో వెతుకుతున్నానని తెలిసొచ్చి, టీ చేదుగా తగిలింది. పిల్ల చచ్చేదారిన పోతుంటే కూడా తాను డ్రెస్సు నలగకుండా చూసుకుంటున్నాడు.

అప్పుడు లోపల మోటారు చప్పుడు వినిపించింది.

బ్రేకులో మోటారు ఎందుకు? తొంగి చూశాడు. డొక్కులో, కుడివైపు సీటులో నవత. నెత్తిన హెడ్‌ఫోను. ఎదురుగా ఫోను పట్టుకుని భూలక్ష్మి. "జర నీడలు ఏస్తె ఫోటో అసలు లెక్కనే వస్తది చెల్లె," అంటున్నాడు ఓదెలు. మోటారు అందుకుంది. నవత మొహం మీద నీడ పడింది, పోయింది, పడింది. ఆమె నవ్వు అట్లాగే ఆగిపోయింది. కళ్లు తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి. రెప్ప పడటం లేదు.

"ఆపున్రి!"

షూటింగ్‌లో చిన్న వేషాలవాడు గొంతెత్తడమన్నది ఉండదు. జగదీశ్ అరుపుకు తిండి పళ్లేల ముందున్నవాళ్లు కూడా లేచారు. గ్లాసు ఎక్కడ పడిందో, వైర్ల మీంచి ఎట్లా దూకాడో, మోటారు వైరు పట్టి ఊడబెరికాడు. చెక్క పలకలు ఇంకో చుట్టు తిరిగి ఆగాయి.

"బిడ్డా! నవతా!"

"ఏమైంది మామా?" అంది నవత బిత్తరపోయి. "ఫోటో కోసమని కదలకుంట కూసున్న."

అక్కడ ఊపిరి పీల్చుకుని ఊరుకోవాల్సింది. కానీ లోపల బిగబట్టుకున్నదంతా నోట్లోకి వచ్చేసింది. "ఆ నీడ పిల్ల మీద ఎయ్యొద్దురా ఓదెలూ! పిల్లకు ఫిట్స్ ఉన్నయిరా!"

షెడ్డంతా వినపడింది. ఆకుపచ్చ గుడ్డ కట్టేవాళ్ల నుంచి మేకప్ ఆమె దాకా అందరూ నవతనే చూశారు. నవత హెడ్‌ఫోను తీసి ఒళ్లో పెట్టుకుంది. తల దించుకుంది. చెప్పొద్దని తాను చెప్పినదాన్ని, నిన్నటిదాకా ఊళ్లో ఎవరికీ పొక్కనిదాన్ని, ఊరూ పేరూ తెలియని ఇంతమంది ముందు తానే పరిచాడని జగదీశ్‌కు అప్పుడు అర్థమైంది.

భూలక్ష్మి మొహం నల్లబడింది. "నలుగుట్ల నా పిల్ల ఇజ్జత్ తీస్తివి గదనే! నువ్వే గద రాత్రి చెప్పకుమంటివి? నేను గూడ చెప్పలేదంటివి?"

"నాకు ఎవ్వలూ పరీక్ష చెయ్యలే చెల్లె," అన్నాడు జగదీశ్. ఈసారి అతని యాస షెడ్డులో కూడా మారలేదు. "నేను ఎన్నడు హెలికాప్టర్ నడపలే. గిదే నా హెలికాప్టర్. తెల్వదంటె సిన్నతనమైతదని అట్ల చెప్పిన. తప్పు చేసిన."

భూలక్ష్మి తిట్టి ఉంటే బాగుండేది. ఆమె అతని భుజాల మీది పట్టీలను, టైని, బూట్లను వరసగా చూసి, మొహం తిప్పుకుంది.

నవత డొక్కులోంచి దిగింది. "ఒక్కసారి గూడ ఎగరలేదా మామా?"

"ఒక్కసారి గూడ లేదు బిడ్డా."

ఆమె మనోజ్ఞ దగ్గరికి నడిచింది. "మేడం, నేను చెప్తె సీటు పోతదా?"

మనోజ్ఞ తేలికపరచలేదు. "పోవచ్చమ్మా. తల పరీక్షలు చేస్తారు, ఏళ్ల తరబడి ఆగమంటారు. వద్దనే అనొచ్చు. అవుతుందని నేను అబద్ధం చెప్పలేను. చెప్పకపోతే ఏమవుతుందో మీ మామయ్యకి చెప్పానుగా, అడుగు."

నవత అడగలేదు. మామ మొహంలోనే చదువుకుంది.

వాళ్లతో పాటు జగదీశ్ కూడా బయల్దేరబోతుంటే అసిస్టెంట్ డైరెక్టరు వచ్చి, ఇప్పుడు వెళ్తే మళ్లీ రానక్కర్లేదన్నాడు. జగదీశ్ అలాగేనండీ అన్నాడు. మిగతావాళ్లు మళ్లీ పళ్లేల ముందు కూర్చున్నారు. ఓదెలు మాత్రం ఆటో దాకా వచ్చి, "నాకు తెల్వదు చెల్లె, తెలిస్తె ఎయ్యకపోదును," అని నవతకు రెండుసార్లు చెప్పాడు.

ఆటోలో భూలక్ష్మి మధ్యలో కూర్చుంది, కూతురికీ అన్నకూ నడుమ, చేతిసంచీ అడ్డం పెట్టుకుని. చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, పక్క కారులోని పిల్లవాడెవడో జగదీశ్ డ్రెస్సు చూసి సెల్యూట్ కొట్టాడు. జగదీశ్ టై విప్పి జేబులో కుక్కుకున్నాడు.

డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చున్న అమ్మాయి లేచి నిలబడింది. "గుడ్ ఆఫ్టర్‌నూన్ కెప్టెన్. మీదీ మెడికలేనా సార్?"

"కాదమ్మా. ఇది సినిమా డ్రెస్సు," అన్నాడు.

నవత పేరు పిలిచారు. ఆమె లేచి, తల్లి వైపు చూసింది. తల్లి గోడ మీది క్యాలెండరు చూస్తోంది. నవత ఒక్కతే లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది.

భూలక్ష్మి గోడతో మాట్లాడినట్టు మాట్లాడింది. "సిన్నప్పటి సంది ఒక్కటే పాట. మోటారు చప్పుడైతె సాలు, అన్నం కాడికెల్లి లేసి బయటికి ఉరికేది. నువ్వు ఏదో ఒకటి అనక, తెల్వదంటె అయిపోతుండె గదనే. నేను ఇంకొగలను అడుగుదును." సంచీ ఒళ్లోకి లాక్కుని మళ్లీ అంది, "ఇప్పుడు లోపల చెప్పినా నా బిడ్డ ఏడుస్తది. చెప్పకపోయినా నాకు నిద్రుండదు. ఏ దిక్కు పోనిచ్చినవే నన్ను?"

జగదీశ్ దగ్గర తెలియదన్న మాట ఒక్కటే ఉంది. అది నిన్న పనికొచ్చేది.

తలుపు తెరుచుకుంది. నవత తల బయటపెట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు నిలకడగానే ఉంది.

"అమ్మా, ఏ గోలీలు ఏసినమో, ఎప్పుడు బంద్ చేసినమో అడుగుతుండ్రు. నాకు పేర్లు యాదికి లేవు. నువ్వు రా."

భూలక్ష్మి కదల్లేదు. కూతురు తలుపు పట్టుకుని అట్లాగే నిలబడింది, పిలిచిన పిలుపును వెనక్కి తీసుకోకుండా. కొంతసేపటికి భూలక్ష్మి ఒళ్లోని సంచీ తీసి, అన్న వైపు చూడకుండానే పక్క కుర్చీలో అతని దగ్గర పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.